పెళ్ళి దాకా దాచుకున్న ఛార్జింగ్

నా గొంతు బీడీల తునికాకు కోసే రోజుల్లో పోయింది. అంతకుముందు నా గొంతు ఎలాంటిదంటే, వాగుకి ఇవతల నిలబడి పిలిస్తే అవతల మేస్తున్న గేదెలు తలెత్తి చూసేవి. "పెళ్ళాన్ని తెచ్చుకుందామని పోతే దండోరా దొరికింది" అనేవాడు మా ఆయన. ఆకు కోతకి వెళ్ళి, ఎండంతా నెత్తికెక్కించుకుని, చెలమలో చల్లటి నీళ్ళు కడుపు నిండా తాగి జ్వరం తెచ్చుకున్నాను. జ్వరం వారానికి పోయింది. పోతూ పోతూ గొంతును కూడా చంకలో పెట్టుకుపోయింది. మిగిలింది కాకి గొంతు. కాకులు వింటే వాటికి కోపం వస్తుందేమో.

గొంతు పోతే ఏం, తినడానికి నోరుంది కదా అంటారు. అలా కాదు. అప్పటికి మా తమ్ముడి కూతురి పెళ్ళి పది రోజుల్లో ఉంది.

మాది కొంటా నుంచి భేజ్జి వైపు పోయే దారిలో ఒక ఊరు. ఊళ్ళో దోర్లవాళ్ళున్నారు, హల్బీ మాట్లాడేవాళ్ళున్నారు, మా తెలుగిళ్ళు ఒక పాతిక ఉంటాయి. మా ఇళ్ళలో పెళ్ళి అంటే ఎదురుపాటలు ఉండాల్సిందే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లవైపు ఆడవాళ్ళు ఒక పక్క, పిల్లాడివైపు ఆడవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. వీళ్ళు వాళ్ళని పాటలో తిడతారు. వాళ్ళు పాటలోనే జవాబు చెప్పాలి. ఎవరికి ముందు జవాబు దొరక్కపోతే వాళ్ళు ఓడినట్టు. ఓడినవైపు పాటగత్తె ఆకుడొప్ప నిండా ఇప్పసారా పోసి, గెలిచినవైపు పాటగత్తెకి రెండు చేతులతో అందించాలి. ఆ మాట ఊరూరా పాకుతుంది. పిల్లవైపు ఓడిందంటే, ఆ పిల్ల అత్తగారింట్లో ముసలిదయ్యేదాకా "మీ వాళ్ళకి నోరు లేదు గదా" అనిపించుకుంటూనే ఉండాలి.

నాకు అంతకంటే పెద్ద బాధ ఒకటుంది. మొగుడు పోయిన దాన్ని కదా, పెళ్ళి పందిట్లో నాకు పనిలేదు. పసుపు ముట్టకూడదు, పెళ్ళికుండలు ముట్టకూడదు, తలంబ్రాల దగ్గరికి పోకూడదు. ఎవరూ గట్టిగా చెప్పరు. మెల్లగా "నువ్వు నీడలో కూర్చో అక్కా, ఎండగా ఉంది" అంటారు. ఆ నీడ ఎప్పుడూ వంటపాక వెనకే ఉంటుంది, అదేం నీడో. ఒక్క ఎదురుపాటలప్పుడు మాత్రం నన్నెవరూ నీడలోకి పంపలేదు. గొంతున్నది నాకే కాబట్టి అందరికంటే ముందు చాప నాకే వేసేవాళ్ళు. ఏడేళ్ళుగా ఆ చాప మీదే నేను పెళ్ళిళ్ళు చూస్తున్నాను. ఇప్పుడు గొంతు లేదు. అంటే చాప కూడా లేదు.

నా మరదలు, అంటే పెళ్ళికూతురి తల్లి, అప్పుడే వేరే ఏర్పాటు మొదలుపెట్టింది.

"వదినె, నీకు ఒంట్లో బాగలేదు గదా. ఈసారి మా చెల్లెను పాడమంటా. నువ్వు వంటకాడ కూసో, ఆకులు కుట్టేటోళ్ళను జర చూసుకో."

"నీ చెల్లె పాడుతదా? నీ చెల్లె పాడితే పెళ్ళివాళ్ళు పిల్లను వదిలేసి పోతరు" అన్నాను. గొంతు రాలేదు. సగం మాట గాలి, సగం మాట గరగర.

మరదలు జాలిగా నవ్వింది. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు పెళ్ళికూతురు, మా మేనకోడలు, నా పక్కన చేరి చెవిలో అంది. "అత్తా, నీ పాటలన్నీ నీ ఫోన్లనే ఉన్నయి గదా."

నిజమే. మార్చిలో ఇప్పపూలు ఆరబోసుకుంటూ కూర్చున్నప్పుడు, ఈ పిల్ల నా చేత పాటలు పాడించి నా ఫోనులోనే నింపింది. "అత్తారింటికి పోతే నీ పాటలు వినాలి అత్తా" అంది. ఇరవై దాకా ఉన్నాయి. నేను పాడుతూ పోయాను, అది నొక్కుతూ, ఒక్కో పాటకి ఒక్కో అంకె వేస్తూ పోయింది. వాటిని నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. నా గొంతు నాకు తెలియదా, వినడమెందుకు అనుకున్నాను. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

నా ఫోను సంగతి చెప్పాలి. అది మా ఆయన కొన్నది. పక్కనుండే బొత్తం విరిగిపోయింది. ఫోను ఒకసారి ఆర్పామంటే మళ్ళీ లేవదు, కరెంటు వైరు పెడితేనే కళ్ళు తెరుస్తుంది. మెలకువగా ఉన్నప్పుడైతే అద్దం మీద రెండుసార్లు తడితే చాలు. అంటే దాన్ని చంపకూడదు, నిద్ర మాత్రం పుచ్చాలి. పురిటిపిల్ల కంటే కష్టం.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు గాజులు కొనడానికి బస్సెక్కి కొంటా వెళ్ళాను. ఫోన్ల దుకాణంలో దాన్ని నిండా ఛార్జింగ్ పెట్టించాను. దుకాణం అతను మన భాషే, మధ్యలో హిందీ కలుపుతాడు.

"బ్యాటరీ బుడ్ఢా హో గయా, అమ్మా. ముసలిదైంది. పూరా చార్జ్ చేసినా ఒక రోజే ఉంటది."

"నాలుగు రోజులు ఉండాలె. ముసలిదైతే ఏంది, నేను ముసలిదాన్ని కానా? నడుస్తలేనా?"

అతను నవ్వి, ఎదుటి బల్ల మీద ఫోను పెట్టి చూపించాడు. అద్దం వెలుగు అట్టడుగుకి దించేశాడు. విమానం బొమ్మ నొక్కాడు. "మీ ఊర్ల సిగ్నల్ ఉండదు గదా. ఫోను ఊకె వెతుక్కుంటనే ఉంటది. దొరకనిదాన్ని వెతికితే మనిషైనా అలిసిపోడా అమ్మా? విమానం నొక్కినవంటే వెతకడం బంద్." నువ్వెక్కడున్నావో ఫోను కనిపెట్టేది ఒకటుంటుందట, అదీ ఆపేశాడు. నేనెక్కడున్నానో నాకు తెలిస్తే చాలదా, దానికెందుకు? వెనక తెరిచి వదిలేసిన ఆటలూ బొమ్మలూ అన్నీ తుడిచాడు. తర్వాత అద్దం మీదున్న మా ఆయన ఫోటో చూసి ఆగాడు.

"ఇది తీసేద్దాం అమ్మా. తెల్ల చొక్కా. ఫుల్ తెలుపు. కొన్ని ఫోన్లల్ల తెలుపు చార్జ్ తింటది. మీదాంట్లో తింటదో లేదో గానీ, నలుపు పెడితే నష్టం లేదు."

బతికున్నప్పుడూ అంతే, పని చేయకుండా తిని కూర్చునేవాడు. "తీసెయ్" అన్నాను. నేను చెబుతుంటే ఇదంతా రాసే పిల్ల ఈ మాట వద్దంటోంది. రాయమన్నాను.

"ఎండల పెట్టకు, పొయ్యి దగ్గర పెట్టకు. వేడి తగిలితే బ్యాటరీకి జ్వరమొస్తది" అని చెప్పి పంపాడు. నేను బస్సు దిగేసరికి అంకె తొంభై ఎనిమిది. అంకెలు నాకు బాగానే వచ్చు, అక్షరాలతోనే నాకు పడదు.

ఆ సాయంత్రమే గాలివాన కొట్టింది. రెండు స్తంభాలు పడిపోయాయి. కరెంటు పోయింది. బడి మీదున్న సోలారు పలకను గాలి లేపి పక్క చేలో పడేసింది. ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కరోజులో చచ్చాయి. నాదొక్కటే బతికుంది. బతికున్న ఫోను ఒకే ఒక్కరి దగ్గర ఉందంటే ఊరు ఊరుకుంటుందా?

"అక్కా, ఒక్క ఫోను చేసుకుంటా" అని ఒకామె. వంతెన దగ్గరికి వెళ్తే కొంచెం సిగ్నల్ దొరుకుతుంది కదా, అందుకు. "వంట మనిషి వస్తుండో లేదో అడుగుతా" అని తమ్ముడు. అందరికీ నేను ఒకే జవాబు చెప్పాను. "ఫోనుకు జ్వరం. లేవొద్దని చెప్పిన్రు." నా గొంతు విని జ్వరం నాకో ఫోనుకో తేల్చుకోలేక వెళ్ళిపోయారు.

మరదలు మాత్రం ఊరుకోలేదు. గాదె కింద కోడి దూరింది, పెళ్ళికి కోయాల్సిన పుంజు. "ఒక్క నిమిషం లైటియ్యి వదినె."

"కోడి కోసం నా పాట ఇయ్యాల్నా?"

"పాట ఏంది, లైటు అడిగిన."

"రెండూ ఒకటే. లైటు తింటే పాటకు మిగలదు. దివిటీ పట్టుకో."

"గడ్డి గాదె కింద దివిటీనా? ఇల్లు కాలుస్తవా? ఇంత పిసినారితనం ఎక్కడ నేర్చినవ్ వదినె!"

"నీ దగ్గరే" అన్నాను. ఆ పుంజు మరునాడు తనంతట తానే బయటికొచ్చింది. మరదలి కోపం మాత్రం లోపలే ఉండిపోయింది.

రెండో రోజు ఇంకో తప్పు చేశాను. ఎవరూ ఎత్తుకుపోకుండా ఫోను బొడ్లో దోపుకుని తోటి ఆడవాళ్ళతో అడ్డాకులు కోయడానికి వెళ్ళాను. విస్తళ్ళు కుట్టాలి కదా. వంగుతుంటే, లేస్తుంటే, అద్దం పొట్టకి తగిలి తగిలి ఫోను నిద్రలేచింది. లేచి ఊరుకుంటుందా? లైటు కూడా వెలిగించుకుంది. మిట్టమధ్యాహ్నం చెట్ల మధ్య ఒకామె నన్ను చూసి ఆకులు కింద పడేసింది.

"ఏందే నీ బొడ్ల పొద్దు పొడిచింది!"

అందరూ పడీపడీ నవ్వుతుంటే నేను చీర కుచ్చెళ్ళలోంచి వెలుగు బయటికి లాగాను. అంకె చూద్దామంటే ఎండలో ఆ మసక అద్దం కనబడదు. బుట్ట కింద తల పెట్టి చూశాను. అరవై ఒకటి. పొద్దున ఎనభై ఆరు ఉండింది. పాతిక దాకా నా పొట్ట తినేసింది!

ఆ రోజు నుంచి ఫోనుకి ఇల్లు కట్టాను. ఎండిన పెద్ద సొరకాయ బుర్ర ఒకటి ఉంది, నడిమికి కోసి గింజలు దాచుకునేది. గింజలు దులిపేసి, గుడ్డ పరిచి, అందులో ఫోను పడుకోబెట్టి, వసారాలో చల్లని మూలకి వేలాడదీశాను. ఏదీ తగలదు, వేడెక్కదు. రోజుకి రెండుసార్లే, పొద్దునా రాత్రీ తట్టి అంకె చూసేదాన్ని. ఆ రాత్రికి రెండే దిగింది. నాకెంత గర్వం! తట్టినప్పుడు పాటలు ఒకసారి విని చూసుకోవచ్చు కదా అని మేనకోడలు అంది కూడా. "విన్నంతసేపు తింటది. తినే పాట పెళ్ళి రోజే పెడదాం" అన్నాను.

అయినా ఇంట్లోనే దొంగ ఉంటే ఏం చేస్తాం? మూడో రోజు పొద్దున అంకె నేను అనుకున్న దానికన్నా ఐదు తక్కువ చూపించింది. బుర్ర ముడి కూడా నేను వేసిన ముడి కాదు. మేనకోడల్ని పిలిచాను. నలుగు పెట్టిన మొహం కాబట్టి సిగ్గుపడ్డా పసుపే కనబడింది.

"ఫోటో చూసిన అత్తా. ఆయనది. పెళ్ళిచూపులప్పుడు నీ ఫోన్ల తీసింది."

"ఎంతసేపు?"

"కొంచెంసేపే."

"ఐదు తిన్నడు! ఓసి పిచ్చిదానా, ఎల్లుండి నుంచి ఆ మొహం నీకు చార్జింగు లేకుండనే కనబడతది. వద్దన్నా కనబడతది. జీవితమంతా కనబడతది. ఈ రెండు రోజులు ఆగలేవా?"

అది కిలకిల నవ్వింది. నేనూ నవ్వాను గానీ నా నవ్వు విని మేక బెదిరింది.

పెళ్ళి రోజుకి నలభై మూడు మిగిలింది.

పెళ్ళివాళ్ళు శబరి అవతలి ఒడ్డు నుంచి ట్రాక్టర్లలో దిగారు. వాళ్ళ పాటగత్తె పెళ్ళికొడుకు మేనత్త. సన్నగా, పొడుగ్గా, ముక్కుకి రెండు వైపులా పుడకలతో ఉంటుంది. ఆమెకి మా చుట్టుపక్కల ఎంత పేరంటే, ఆమె వస్తోందంటే కొందరు ముందే డొప్ప కుట్టుకుని కూర్చుంటారు. తాళి కట్టడం సాయంత్రం గోధూళికి. మధ్యాహ్నం భోజనాలు ఆఖరి బంతికొచ్చాయి. పందిట్లో ఒక పక్క వాళ్ళు, ఒక పక్క మేము. చాప మీద మరదలి చెల్లెలు అప్పటికే కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఆమె కొంగు మీద కూర్చున్నాను. ఆమె కొంగు లాక్కుని లేవాల్సి వచ్చింది.

సొరకాయ బుర్ర విప్పి ఫోను తీయగానే అవతలివైపు గొడవ మొదలైంది.

"ఇదేంది వియ్యపురాలా? నోరు ఇంట్ల మరిచొచ్చినవా?" అంది పెళ్ళికొడుకు మేనత్త.

నేను గొంతు చూపించి చేతులు తిప్పాను. మా వైపు ముసలాయన ఒకడు లేచి న్యాయం చెప్పాడు. "గొంతు ఎవరిది? ఆమెదే. పాట ఎవరిది? ఆమెదే. డబ్బాలో పెట్టిన పచ్చడి మన పచ్చడి గాకపోతదా?"

"సరే పెట్టుమను" అందామె నవ్వుతూ. "డబ్బా ఎంతసేపు పాడుతదో చూస్త."

మొదటి పాట పెట్టాను.

వచ్చిన్రు వచ్చిన్రు వియ్యాలవారు
ఒంటి చెప్పేసుకు వచ్చిన్రు
రెండో చెప్పు ఏదమ్మ అంటె
కుక్కనడిగి చెప్తమన్నరు

మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు.

పందిరి చూస్తే పది గుంజలు
పప్పుల చూస్తే పది గింజలు
గరిటె తిప్పిన వదినమ్మ చేతుల
గాజులు తప్ప ఏం లేవు

పప్పు నిజంగానే పలచనైంది, ఏం చేస్తాం. నేను పెళ్ళికొడుకు మీసం మీద కట్టిన పాట పెట్టాను. ఆమె మా తమ్ముడి బట్టతల మీద పాడింది. అలా నాలుగు నాలుగు అయ్యాయి. నాది ఒక్కటే ఇబ్బంది. జనం పెరిగే కొద్దీ ఫోను గొంతు చాలడం లేదు. చేతిలో పట్టుకుని ఎత్తినా వెనక బంతి వాళ్ళకి వినబడటం లేదు.

"ఏంది, దోమ పాడుతున్నదా?" అని అవతల ఒకామె. "దోమనన్నా కుడితే తెలుస్తది" అని ఇంకొకామె. పెళ్ళికొడుకు మేనత్త చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "వినబడని పాటకు జవాబు ఇయ్యను. వినబడకపోతే పాడనట్టే" అంది. వాళ్ళ వైపు "ఓడిన్రు, ఓడిన్రు" అని అప్పుడే అందుకున్నారు. మా మరదలి చెల్లెలు గొంతు సవరించుకుంటోంది. మరదలు నా వైపు చూసి, వంటపాక వైపు చూసింది.

నా దగ్గర ఐదో పాట ఉంది. ఆ మేనత్త మీదే కట్టింది, నా పాటల్లోకెల్లా పదునైంది. అది వినబడితే చాలు. అటూ ఇటూ చూశాను. నా పక్కనే పెళ్ళికుండలు, ఒకదాని మీద ఒకటి. సున్నం చారలు, ఎర్రమట్టి బొట్లు. పైకుండ ఖాళీ. ఇంకేం ఆలోచించలేదు. పాట నొక్కి, ఫోను కుండలో వేసేశాను.

శబరి దాటిన చక్కనిదానా
శనగలు నమిలిన గొంతుదానా
నీ పాటకు మా అడవి నక్క
అక్కా అని నిను పిలిచింది

కుండ గొంతు ఉరిమింది! నా పాత గొంతు, అంతకంటే పెద్దదై, పందిరంతా కొట్టుకుంది. వెనక బంతిలో తింటున్నవాళ్ళు ముద్ద ఆపేశారు. అవతలివైపు వాళ్ళు కూడా నవ్వాపుకోలేకపోయారు. పెళ్ళికొడుకు మేనత్త కూడా నవ్వింది, పళ్ళు బిగించి.

పాట అయిపోయింది. ఫోను ఆగలేదు.

పాట తర్వాత మేనకోడలు ఆపడం మరిచిపోయినట్టుంది. ఆ రోజు ఇప్పపూలు ఆరబోస్తూ మేం మాట్లాడుకున్న మాటలన్నీ అందులోనే ఉన్నాయి. కుండలోంచి నా గొంతు, తీరిగ్గా, గంభీరంగా పలికింది.

"మీ అమ్మ చేసిన పులుసు తిన్నవా నిన్న? పశువు కూడా మూతి తిప్పుకుంటది."

పందిరి గొల్లుమంది. మరదలు గరిటె పట్టుకుని లేచింది. నేను కుండలో చెయ్యి పెట్టాను. కుండ మూతి సన్నం. ఆకు కోసి కోసి వాచిన నా చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. బోర్లిద్దామని రెండు చేతులతో పట్టుకున్నాను.

"ముట్టకు!" మరదలు అరిచింది. "పెళ్ళికుండ! తాళి పడేదాక కదిలించొద్దు! నువ్వెట్ల ముట్టినవ్ వదినె, నువ్వు..."

ఆపేసింది. ఆ ఆపిన మాట అందరికీ వినబడింది. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. నాలుగు రోజులు దాన్ని చావొద్దు చావొద్దని బతిమాలుకున్నాను. ఇప్పుడు చావు తల్లీ, చావు, నీకు కోడిని కోస్తాను అని మొక్కుకున్నాను. అంత జాగ్రత్తగా దాచిన ఛార్జింగు చస్తుందా? కుండలో నా గొంతు ఇంకా మాట్లాడుతూనే ఉంది. రికార్డులో మేనకోడలు అంటోంది, "అత్తా, నీ అంత బాగా పాడేటోళ్ళు ఎవ్వరు లేరు."

దానికి నేను చెప్పిన జవాబు నాకు గుర్తొచ్చింది.

"ఊకో పిల్లా. నా గొంతు పెద్దది, పాట పెద్దది గాదు. పాటంటే మీ పెళ్ళికొడుకు మేనత్తది. నేను ఆమె ముందల ఒకసారి ఓడిపోయిన, ఎవరికీ తెల్వది. పంటి నొప్పని దవడ పట్టుకుని కూసున్న. నొప్పీ లేదు, గిప్పీ లేదు."

మరదలి చెల్లెలు ఇంకా బాగా వినబడాలని కుండ దగ్గరికి జరిగింది.

"ఆ యేడే మీ మామ పోయిండు. ఆ పెళ్ళిల అందరు నాతోటి మెల్లగ మాట్లాడుడే. రోగిష్టిదాని మంచం కాడ మాట్లాడినట్టు. నీడల కూసో, నీడల కూసో. ఆమె ఒక్కతే నా మొహం మీద తిట్టింది. నల్లదాన అన్నది, నోటి తీటదాన అన్నది, నా మీద పాట కట్టి పాడింది. మొగుడు పోయినంక నన్ను మనిషి లెక్క తిట్టింది ఆమె ఒక్కతే. వాగు దగ్గరకు పోయి ఏడ్చిన. ఆ పాట ఇప్పటికీ నాకు నోటికొచ్చు. ఆమెకు చెప్పకే. చెప్తే నెత్తికెక్కుతది."

తర్వాత మేక అరుపు, మేనకోడలి నవ్వు. అప్పటికి ఆగింది.

నేను తల ఎత్తలేదు. చాప మీద ఈతాకులు లెక్కపెడుతూ కూర్చున్నాను. జవాబు ఆమెది. పాట ఆమె పాడాలి. ఆమె పాడలేదు. మా వైపు వాళ్ళు ఎదురుచూశారు. వాళ్ళవైపు వాళ్ళు ఆమెని మోచేత్తో పొడిచారు. మా ముసలాయనే ముందు తేరుకున్నాడు.

"జవాబు లేదు! ఓడిన్రు!"

మా వాళ్ళు అందుకున్నారు. అవతలివాళ్ళు లేచారు. "అది పాట కాదు, ముచ్చట!" "ముచ్చటైతే ఏంది, ఇంకో పాట పాడొచ్చుగా!" "కుండ ముట్టింది, అది తప్పు గాదా!" ఆ గోలలో పెళ్ళికొడుకు మేనత్త లేచి వచ్చింది. నేరుగా పెళ్ళికుండ దగ్గరికి వచ్చి, గాజులు పైకి తోసుకుని, సన్నని చెయ్యి లోపల పెట్టి, ఫోను తీసి నా ఒళ్ళో పడేసింది.

"దొంగదెబ్బ కొట్టినవ్ వియ్యపురాలా" అంది. "తిడితే జవాబు ఉన్నది. పొగిడితే ఏం పాడాలె? మా అమ్మ నాకు నేర్పలే."

మా మరదలి వైపు తిరిగింది. "కుండకేం కాలే. పైగా మంచిగ మోగింది. డొప్ప తే."

మరదలు తేలేదు. కదలకుండా నన్నే చూస్తోంది. పులుసు మాట ఇంకా ఆమె మొహంలో ఉడుకుతోంది. చివరికి పెళ్ళికూతురే పీట మీద నుంచి "అమ్మా, ఇయ్యే" అంది. అప్పుడు తెచ్చింది. ఆమె చేతిలోంచి డొప్ప తీసుకుని, నిండా పోసి, పందిట్లో అందరి ఎదుటా, పెళ్ళికుండల పక్కనే, పెళ్ళికొడుకు మేనత్త రెండు చేతులతో నాకు అందించింది. డొప్ప అంచు దాకా పోసింది కావాలని, సగం నా చీర మీద ఒలకాలని. ఒలికింది. తాగాను.

ఆమె తన చాప దగ్గరికి పోలేదు. నా చాప మీదే, మరదలి చెల్లెలు లేచిన చోట కూర్చుంది.

"ఆ ముక్క మల్ల పెట్టు" అంది.

"ఏ ముక్క?"

"తెల్వనట్టు అడుగుతవేంది. పాటంటే నాది అన్నవు చూడు, ఆ ముక్క. మావోళ్ళు వెనక బంతిల సగం మంది వినలే."

కొంగు చాటున ఫోను రెండుసార్లు తట్టి చూసుకున్నాను. ఇరవై ఏడు. ఇంకో పెళ్ళి చేయొచ్చు దాంతో.

"అయిపోయింది వదినె" అన్నాను. "చార్జింగ్ మొత్తం అయిపోయింది."

ఆమె ఫోను లాక్కుని అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెనకవైపు గోరుతో గీకి చూసింది. నా ఒళ్ళోకి విసిరేసింది.

"అయితే ఏంది, నోరున్నది గదా. నోటితోని చెప్పు."

"గొంతు లేదని తెల్వదా?"

"గీ మాట చెప్తున్నవుగా, గట్లనే చెప్పు. చెప్పేదాక లేవను. తాళి కట్టేటప్పుడు కూడ ఇక్కడ్నే కూసుంట, నిన్నూ లేవనియ్య."

అలా అని నా కొంగు మీద గట్టిగా కూర్చుంది. చుట్టూ జనం మూగారు. మరదలు కూడా వచ్చి నిలబడింది, చేతిలో గరిటె అలాగే ఉంది. చెప్పక తప్పలేదు. గరగరమంటూ మొదలుపెట్టాను, నా గొంతు పెద్దదే గానీ పాట పెద్దది కాదని. సగంలోకి వచ్చేసరికి మాట పూర్తిగా తెగిపోయింది. మిగిలిన సగం ఆమే చెప్పింది, నేను అనని మాటలు నాలుగు కలిపి.